మార్జిన్‌లో ఒక వాక్యం

మంగళవారం, రాత్రి

వన్‌టౌన్‌లో మా వీధి పాత ఇళ్లన్నీ తీసేసి అపార్ట్‌మెంట్లు కడతారట. ఫ్లాట్ల కోసం ఇచ్చిన ఫారాలు ఇంగ్లీషులో ఉన్నాయని అందరివీ నా చేతే నింపిస్తున్నారు. ఇవాళ పక్కింటి రహీమా మామ్మగారు వచ్చారు.

"ఏ అంతస్తు కావాలండీ?"

"ఏదైనా పర్లేదమ్మా, పక్కన మీ అమ్మ ఉండాలి. పొద్దున్నే దాంతో పోట్లాడకపోతే నాకు టీ దిగదు."

"ఆ గోల తప్పుతుందనేగా నేను సంతకం పెట్టింది!" లోపల్నుంచి అమ్మ.

మామ్మగారు నవ్వారు గానీ, పట్టుకున్న నా చెయ్యి వదల్లేదు. పక్కన ఎవరుండాలో రాసే గడి ఫారంలో లేదు.

మార్జిన్‌లో రాస్తే కాన్వెంట్ స్కూల్లో సిస్టర్ మార్కులు కోసేవారు. నేనెప్పుడూ గీత దాటలేదు. ఇవాళ దాటాను. రెండిళ్ల నంబర్లూ వేసి, 'ఈ రెండు కుటుంబాలకూ పక్కపక్క ఫ్లాట్లు ఇవ్వగలరు' అని ఆవిడ ఫారం మార్జిన్‌లో ఇంగ్లీషులో రాశాను.

ఆవిడ వెళ్లాక భయం పట్టుకుంది. గడి బయట రాసిన ఫారం చెల్లదంటే? ఆవిడకి అసలు ఇల్లే రాకపోతే? కొట్టేస్తే ఇంకా పాడవుతుంది. చాలాసేపు ఆలోచించి, మా ఫారం మార్జిన్‌లోనూ అదే వాక్యం రాశాను. తిప్పి పంపితే రెండూ కలిసే వస్తాయి.

పడుకునే ముందు అమ్మకి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"కనపడేలా రాశావా?" అని మాత్రం అడిగింది.