కారం మిల్లులో పుట్టిన వజ్రాలు

ఫిబ్రవరి 3
సార్ ఈరోజు పేపర్లో ఉన్నారు. చేతిలో నల్లరాయి, మొహం నిండా నవ్వు. ‘అద్దంకి దగ్గర మిరపచేలో వజ్రాల జాడ.’ కౌలురైతు మస్తాన్ గారు బావి లోతు చేయిస్తుంటే పైకొచ్చిన రాయి అది. ల్యాబ్‌కి తెచ్చింది నేను. నా పేరు లేదు... లేకపోవడమే నయం.

ఫిబ్రవరి 4
రాయి పొడిలో క్రోమియం ఎక్కువ వచ్చిందట, కాబట్టి వజ్రాలు మోసే కింబర్లైట్ రాయి అట. అంత తేలికైతే నాలుగేళ్లుగా నేనెందుకు తల బద్దలు కొట్టుకుంటున్నట్టు? కింబర్లైట్ మాగ్మా వజ్రాలు పుట్టేంత లోతు నుంచి వస్తుంది. క్రోమియం, నికెల్ రెండూ వెంట తెస్తుంది. ఇందులో నికెల్ నామమాత్రం. మెగ్నీషియం కూడా అంతంతే. సార్‌నే అడిగాను.
“డౌట్లు ఎక్కువైపోయాయమ్మా నీకు.”
నా పీహెచ్‌డీ గైడు. పిడుగురాళ్ల సున్నపురాయి తప్ప మరో రాయి మొహం ఎరగని మనిషి.

ఫిబ్రవరి 7
మస్తాన్ గారి ఫోన్. పొలం ఆసామి పేపర్ పట్టుకొచ్చాడట — కౌలు చాలు, చేను ఖాళీ చెయ్యమని. చెట్ల నిండా కాయ.
“నువ్వు పట్టుకపోయిన రాయే గదమ్మా ఇంత చేసింది.”
కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 9
తెలిసింది. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది.
నేను ఊళ్లో లేనప్పుడు ల్యాబ్‌లో గ్రైండర్ పాడైంది. సార్ రాయిని పొడి కొట్టించింది కారం మిల్లులో. ఉక్కు రోకళ్లు దంచే మిల్లులో. దాచుకోవడం కూడా లేదు —
“గుంటూరులో ఉండి పొడి కొట్టే మిషన్ లేదంటే నవ్వుతారమ్మా.”
ఆ పొడి సీసా మూత తీశాను. తుమ్ములు ఆగలేదు.
ప్రొఫెసర్. జియాలజీ. ఛీ.

ఫిబ్రవరి 11
అదే మిల్లులో తెల్ల పలుగురాయి ముక్కలు కొట్టించాను. క్రోమియం వాసన కూడా లేని రాయి. మిల్లాయన — “ఏందమ్మా, మీ కాలేజీలో కూరల్లోకి రాళ్లేస్తారా?” నల్లరాయిని మాత్రం లోహం తగలని అగేట్ రాతిరోట్లో నేనే నూరాను. అరచేతులు బొబ్బలు. రెండు పొడులూ పరీక్షకు పంపాను.

ఫిబ్రవరి 20
పలుగురాయిలో క్రోమియం. ఇక పలుగురాళ్లన్నీ వజ్రాలే.
నల్లరాయిలో క్రోమియం పడిపోయింది. ఆ క్రోమియమంతా రోకళ్ల ఉక్కు నుంచి రాలిందే. మా రాయి లాంప్రోఫైర్ — అంత లోతుది కాదు, వజ్రాలు మోసే జాతి కాదు. నాకు దానిమీద చిన్నచూపు లేదు. దానికి లేని గొప్ప అంటగట్టిన మనిషంటేనే అసహ్యం.
సార్ రిపోర్టు చూశారు. టీ తెప్పించారు.
“ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. నీ థీసిస్ మీద సంతకం పెట్టేది నేనే కదమ్మా.”
టీ తాగలేదు.

ఫిబ్రవరి 21
మస్తాన్ గారు మళ్లీ — “కూలోళ్లకు చెప్పాల. కోయించమంటావా, మానమంటావా?”
కోయించమన్నాను. ఆసామిని కూడా రేపు చేనికి రమ్మన్నాను. రిపోర్టు చూపిస్తానని.
ఫోన్ పెట్టేసేలోగా సార్ మెసేజ్. రేపు టీవీవాళ్లు చేనికి వస్తున్నారట. ‘మంచి చీర కట్టుకుని రా. నా పక్కన నిలబడితే చాలు, ఏం మాట్లాడక్కర్లేదు.’
చీర ఇస్త్రీ చేశాను. రిపోర్టూ, పలుగురాయి పొడీ సంచిలో పెట్టాను.
సంతకం సంగతి... తర్వాత చూసుకుందాం.