నా కంటి మీద మనవరాలి పెత్తనం

జూన్ 3, సోమవారం, పొద్దున

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది నా మనవరాలు. ఈ ఫిర్యాదు కూడా దాని మీదే. ఇంట్లో ఖాళీగా ఉన్నది అదొక్కతే, ఏం చేయను. చెప్పింది చెప్పినట్టు రాస్తానని ఒట్టు వేయించుకున్నాను.

సంగతి ఇది. దానికి తొమ్మిదేళ్లు. పిల్లల్లో నాయకత్వం పెంచాలని స్కూలువాళ్లు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. వారం పాటు ఇంటికి అదే లీడరట. ఇంట్లో ఒక సమస్య ఎంచుకుని, అందరినీ కలుపుకుని తీర్చాలట. స్టవ్ సరిగా వెలగదు, వీధి తలుపు మూసుకోదు. అవేవీ దాని కళ్లకు ఆనలేదు. నా కన్ను ఆనింది.

నా కుడి కంట్లో శుక్లం. ఆపరేషన్ చేయించుకోమని కొడుకు రెండేళ్లుగా పోరుతున్నాడు. కంట్లో కత్తి పెడతామంటే ఎవరు కూర్చుంటారు.

జూన్ 4, సాయంత్రం

మీటింగు పెట్టింది. నన్ను సోఫాలో, కొడుకునీ కోడలినీ కింద కూర్చోబెట్టింది. శుక్రవారం నానమ్మ ఆసుపత్రికి నడవాలని ఆర్డరు వేసింది. నేను లేచి నా గదిలోకి నడిచాను.

జూన్ 5

లీడరు అలిగి భోజనం మానేసింది. నేను రెండుసార్లు తిన్నాను.

జూన్ 6, మధ్యాహ్నం

కోడలు రాయబారానికి వచ్చింది. ఈ ప్రాజెక్టు పోతే పిల్ల క్లాసులో తలెత్తుకోలేదట, అసలే నలుగురిలో నోరు విప్పని పిల్లట. నోరు విప్పనిదా. వచ్చి నా గదిలో ఒక పూట ఉండమనండి. నిన్న నేను టీలో ఉప్పు వేసిన సంగతి కూడా కోడలు గుర్తు చేసింది. ఉప్పుకీ చక్కెరకీ ఒకే పోలిక డబ్బాలు కొన్నదెవరట.

అందుకే నా వాదన గట్టిగా రాయిస్తున్నాను. లీడరంటే ఆర్డర్లు వేసేది కాదు. ఇళ్ల కట్టుబడి పనిలో ముప్పై ఏళ్లు పన్నెండుమంది ఆడకూలీలకు పెద్దగా ఉన్నాను. ఒక్కరోజు కూడా ఎవరినీ పైకెక్కమని అనలేదు. కొత్త పరంజా కట్టగానే మొదటి సిమెంటు తట్ట నెత్తిన పెట్టుకుని నేనే ఎక్కేదాన్ని. కర్ర విరిగితే ముందు నా నడుమే విరగాలి. దిగొచ్చి, రండే, ఏం కాదు అంటే పన్నెండుమందీ వచ్చేవాళ్లు. భయం లేకనా? కాళ్లు గడగడా వణికేవి. కిందున్నవాళ్లకు కనబడేది కాదు.

ఇక్కడ రాయడం ఆపి, మళ్లీ చెప్పమంది. చెప్పాను. గెలిచాననుకున్నాను. పుస్తకం మూసి వాళ్ల నాన్న దగ్గరికి పరిగెత్తింది.

జూన్ 7, శుక్రవారం

మోసపోయాను.

ఆసుపత్రికి వైద్యానికి రమ్మనలేదు, తోడు రమ్మంది. కంటి పరీక్ష తనకట. ముందు తనే ఎక్కుతుందట. వెళ్లి ఆ పెద్ద కుర్చీలో కూర్చుంది. కాళ్లు నేలకు అందక ఊగుతున్నాయనుకున్నాను. దగ్గరికెళ్లి పట్టుకుంటే వణుకుతున్నాయి.

గోడ మీది అక్షరాలు చదవమంటే మూడో వరుసలోనే ఆగిపోయింది. తర్వాత చుక్కలు వేసి, లైటు వేసి చూశారు. కళ్లజోడు పెట్టాలట. క్లాసులో బోర్డు కనబడకే ఇన్నాళ్లూ నోరు విప్పలేదేమో అంది డాక్టరమ్మ. కొడుకూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బాగుంది. శుక్లం నా ఒక్కదానికే అనుకున్నాను, వీళ్లిద్దరికీ ఉంది.

పిల్ల కుర్చీ దిగింది. కళ్లు తుడుచుకుని నావైపు తిరిగి, రా నానమ్మా, ఏం కాదు అంది.

పైకెక్కి దిగొచ్చిన మనిషి ఆ మాట అన్నాక, కింద నిలబడ్డవాళ్లకు తప్పించుకునే దారి ఉండదు. ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు.

వెళ్లి కూర్చున్నాను. ఆపరేషన్ సోమవారానికి రాశారు.

జూన్ 11

కట్టు విప్పారు. మన హాల్లో గోడకు ఇంత వంకరగా పూత పూసిన మేస్త్రి ఎక్కడున్నాడో కనుక్కోండి. వాడితో మాట్లాడాలి.