పిల్లికూతలు ఆగిపోయిన టేకు

అమ్మకు,

నీ పెద్దమ్మాయి నమస్కరించి రాసేది. నేనిక్కడ కులాసా. నువ్వూ తమ్ముడూ అక్కడ కులాసాగా ఉన్నారని రాశావు. తమ్ముడి సంగతి నమ్ముతున్నాను. నీ సంగతి ఉత్తరం చివర తేల్చుకుంటాను. అలాగని చివరి పేజీ ముందు తిప్పి చదవకు, నీకా అలవాటుంది.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. తిండి వేళకే తింటున్నాను. గదిలో నాతోపాటు బట్టల విభాగంలో పనిచేసే అమ్మాయి ఉంటోంది. మంచిదే గానీ గురక పెడుతుంది. ఒకరోజు రికార్డు చేసి వినిపిస్తే ఆ గురక తనది కాదని, నాదేనని ఒట్టు పెట్టింది. సినిమాలో నేనెప్పుడు కనిపిస్తానని పక్కింటావిడ అడుగుతోందన్నావు. కనిపించనని చెప్పెయ్యి. పొడవాటి కర్రకు మైకు కట్టి నటుల నెత్తిమీద పట్టుకుని నిలబడతాను. ఆ కర్ర నీడ గోడమీద పడినా నాకు చీవాట్లే. మా పని బాగా చేశామంటే మేము అక్కడ ఉన్నట్టే తెలియకూడదు.

నువ్వు పంపిన పాత బొంతలు చేరాయి. ఇంటి సెట్టు రేకుల షెడ్డులో వేశారు. ఒక మాటంటే గోడలు రెండు మాటలు తిరిగి చెబుతాయి. అందుకని కెమెరాకు కనబడని వైపంతా బొంతలు వేలాడదీశాం. మా సౌండు మాస్టారు ఒక బొంతను వేళ్ళతో నొక్కి చూసి, ఎవరు కుట్టారని అడిగారు. మా అమ్మ, పరుపుల కొట్టు ఉంది అన్నాను. దూది ఇంత ఒత్తుగా కూరిస్తే గానీ గోడ నోరు మూయదన్నారు. ఆయన ఒక మనిషిని మెచ్చుకోవడం నేను వచ్చాక అదే మొదటిసారి. అదీ నిన్ను.

'ఖాళీ గదిని రికార్డు చేయడమేమిటే, మతి గానీ పోయిందా?' అని రాశావు. ఏ గదీ ఖాళీగా ఉండదమ్మా. ప్రతి సీను తీశాక దర్శకుడితో సహా అందర్నీ ఎక్కడివాళ్ళనక్కడ కదలకుండా నిలబెట్టి, ఒక నిమిషం ఆ గది చప్పుడు పట్టుకుంటాం. ఆ నిమిషం దగ్గు వచ్చినా మింగాల్సిందే. తర్వాత మాటలు కత్తిరించి కలిపేటప్పుడు మధ్యలో చిల్లు పడినచోట దాన్నే అతుకు వేస్తాం. చిరిగిన పరుపుకు నువ్వు అదే రంగు గుడ్డ వెతికి మాసిక వేస్తావు చూడు, అలాగ. ఈ అతుకులు వేసే పనినే సౌండ్ ఎడిటింగ్ అంటారు. అందులో నేనింకా ఓనమాల దగ్గరే ఉన్నాను.

ఇప్పుడు అసలు కబురు. సెట్టులో ఏదో గొడవయిందని, నా పేరు వినిపించిందని తమ్ముడి స్నేహితుడు చెప్పాడట కదా. నా ద్వారా వింటేనే నమ్ముతానన్నావు. నిజమే, గొడవయింది. వివరంగా రాస్తాను, కంగారు పడకుండా చదువు.

ఈ సినిమాలో తల్లి వేషం వేస్తున్నావిడను యూనిట్టంతా 'అత్తగారు' అంటారు. ఇన్నేళ్ళుగా కోడళ్ళను కాల్చుకుతినే వేషాలే వేసింది మరి. తల్లి వేషం దొరకడం ఆవిడకు ఇదే మొదలు. రోజూ అందరికన్నా ముందొచ్చి తన మాటలు తనే వల్లె వేసుకుంటూ కూర్చునేది. కర్ర మైకు కాక నటులకు బొత్తాం అంత మైకు ఇంకొకటి ఉంటుంది, దాన్ని బట్టల లోపల ఛాతీమీద అతికించాలి. ఆడవాళ్ళకు ఆ పని చేసేది నేనే. అలా మా ఇద్దరికీ చనువు కుదిరింది. నా చేతులు చల్లగా ఉంటాయని రోజూ తిట్టేది.

ఆ మైకు విషయంలో మాస్టారికి ఒక కట్టుబాటు ఉంది. టేకు అయిపోగానే దాని చప్పుడు మా చెవికి రాకుండా మీట కిందికి లాగెయ్యాలి. మైకు ఒంటిమీదే ఉందని మరిచిపోయి నటులు ఇంటి సంగతులు మాట్లాడుకుంటారు. అవి మనం వినకూడదు. పొరపాటున విన్నా, 'చెవిలో పడింది చెవిలోనే ఉండాలి' అని నేను చేరిన రోజే చెప్పారు. ఈ మాట నిలబెట్టుకోలేని వాళ్ళను ఆయన మళ్ళీ పిలవరు. నా చోటుకోసం ఇంకా ఇద్దరు కాచుకుని ఉన్నారు.

ఇల్లు అంటుకునే సీను తీస్తున్న రోజు నేను మీట లాగడం మరిచిపోయాను. అత్తగారు పక్క గదిలోకి వెళ్ళింది. నా హెడ్‌ఫోనులో సంచి జిప్పు తీసిన చప్పుడు, తర్వాత ఉబ్బసం మందు పీల్చే గొట్టం నొక్కిన చప్పుడు వినిపించాయి. ఆ చప్పుడు నాకు చెప్పాలా? తర్వాత ఆవిడ ఫోనులో వాళ్ళమ్మాయితో, 'నేను బానే ఉన్నానే, నీకన్నీ అనుమానాలే' అంది. నేను గబుక్కున మీట లాగేశాను.

కాసేపటికి పొగ మిషను తెచ్చారు. ఆ పొగ నిప్పుది కాదు గానీ గొంతులో జిడ్డుగా పట్టుకుంటుంది. అందులో ఆవిడ ప్రతి గదీ తిరిగి బిడ్డను పిలవాలి. మొదటి టేకు అవగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఆయాసం ఎంత సహజంగా నటించారండీ అని దర్శకుడు పొంగిపోయాడు. అమ్మా, ఆయాసం నటించేవాళ్ళు గాలి లోపలికి ఎగబీలుస్తారు. నిజంగా ఉన్నవాళ్ళకు గాలి బయటికి రావడమే కష్టం. నిన్ను విని పెరిగినదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు. ప్రతి మాట వెనకా సన్నగా పిల్లికూతలు వస్తున్నాయి.

మాస్టారి పక్కకు వెళ్ళి చెవిలో చెప్పాను. ఆయన నావైపు చూడకుండానే, అది ఆవిడ దాచుకున్న సంగతి, బయటపెడితే వేషం పోతుంది, మనకెందుకు అన్నారు. అదీ నిజమే. ఆవిడ దగ్గరికే వెళ్ళి మైకు సరిచేసే నెపంతో, ఇంక వద్దని చెప్పండి అని బతిమాలాను. ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుని, 'ఒక్క టేకే. నోరు మూసుకుని నీ పని చూసుకో, నీకు పుణ్యముంటుంది' అంది. ఆవిడ గోళ్ళలో నీలిరంగు అప్పుడు చూశాను.

రెండో టేకుకు దర్శకుడు పొగ పెంచమన్నాడు. నేను కర్ర పట్టుకుని నిలబడ్డాను. పొగలో ఆవిడ కనబడటం లేదు, ఊపిరి మాత్రం నా చెవిలో ఉంది. మొదటి గది దాటింది, పిల్లికూతలు. రెండో గది, ఇంకా గట్టిగా. మూడో గది గుమ్మం దగ్గర బిడ్డను పిలవాలి. పిలవలేదు. పిల్లికూతలూ ఆగిపోయాయి.

అందరూ అది నటనే అనుకున్నారు. దర్శకుడు వేలు పైకెత్తి, కదలొద్దన్నట్టు సైగ చేశాడు. నేను ఏడో తరగతిలో ఉండగా నిన్ను ఆసుపత్రిలో చేర్చిన రోజు గుర్తుందా? నీ కూతలు ఆగిపోతే తగ్గిందనుకుని నేను సంతోషించాను. అప్పుడు డాక్టరు నన్ను పక్కకు తోసేసి నీమీదికి వంగాడు. గాలి బొత్తిగా ఆడనప్పుడే కూతలు కూడా రావని తర్వాత చెప్పాడు. ఆ రోజు నాకు తెలియలేదు. ఈ రోజు తెలుసు.

'ఆపండి!' అని అరిచాను. టేకు మధ్యలో ఆ మాట అనే హక్కు దర్శకుడికి తప్ప ఎవరికీ లేదు. కర్ర చేతిలోంచి జారి ఎవరి భుజంమీదో పడింది. నేను పొగలోకి పరిగెత్తాను. గోడకు జారగిలబడి కళ్ళు తెరుచుకునే ఉంది మనిషి, నోట మాట లేదు. మందు ఏ సంచిలో ఉందో, జిప్పు ఎటువైపు నుంచి తీస్తే వస్తుందో నాకు తెలుసు, విన్నాను కదా. అది పట్టుకొచ్చి నోట్లో పెట్టి నొక్కుతుంటే వెనకనుంచి దర్శకుడు, 'ఎవరు ఆపమన్నది?' అంటున్నాడు. మాస్టారు హెడ్‌ఫోను తీసి చెయ్యెత్తారు. 'నేనే సార్. సౌండు బాలేదు' అన్నారు.

ఆవిడ బతికింది. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదని ఆసుపత్రిలో అన్నారు. వేషం కూడా పోలేదులే. కెమెరాకు ముందు గాజు పలక పెట్టి, ఆవిడకు తగలకుండా దానికి ఇవతలే పొగ వదిలి తీస్తారట. ఈ తెలివేదో ముందే ఏడిస్తే ఎంత బాగుండేది. మాస్టారు నన్ను తిట్టలేదు, పొగడలేదు. 'మనిద్దరం విన్నది ఒకటే. నేను మంచి టేకు పడిందనుకున్నాను' అని మాత్రం అన్నారు.

నేను చూడ్డానికి వెళ్తే మొదటిసారి అత్తగారు మొహం గోడవైపు తిప్పుకుంది. రెండోసారి వెళ్ళినప్పుడు దగ్గర కూర్చోబెట్టుకుని, 'ఎలా కనిపెట్టావే? మీ అమ్మకూ ఉందా?' అని అడిగింది. ఎప్పుడో ఉండేదండీ, ఇప్పుడు లేదు అని చెప్పబోయాను. ఏడుపొచ్చింది.

ఇక నీ సంగతి.

తలగడలకు గిరాకీ పెరిగిందని తమ్ముడి ఫోనులో మాట్లాడి రికార్డు చేసి పంపావు చూడు, ఆ తర్వాత నీ గొంతు నేను వినలేదు. ఎప్పుడు చేసినా తమ్ముడే ఎత్తుతున్నాడు. నువ్వు స్నానానికెళ్ళావు, నిద్రపోయావు, బజారుకెళ్ళావు. నువ్వేమో ఉత్తరాలు మొదలుపెట్టావు. ఉత్తరమైతే దాచుకుని మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చని రాస్తే మురిసిపోయాను. నీ తెలివికి దండం పెట్టాలి. కాగితం మీద ఆయాసం వినబడదు.

నేను దాచినది కూడా ఒకటుంది. చప్పుడు శుభ్రం చేయడం నేర్చుకోమని మాస్టారు చెబితే, నువ్వు పంపిన ఆ తలగడల రికార్డునే ముందు పెట్టుకున్నాను. నీ గొంతు విన్నట్టూ ఉంటుంది, పనీ నేర్చుకున్నట్టూ ఉంటుందనుకున్నాను. ఫ్యాను తీసేశాను. దూది ఏకే మిషను మోత తీసేశాను. వీధిలో హారన్లు తీసేశాను. చివరికి నీ మాటలు మిగిలాయి, మాటల మధ్య పిల్లికూతలు మిగిలాయి. ఎంత తీసినా అవి పోలేదు.

ఇది జరిగింది పొగ సీనుకు చాలా ముందే. విన్న రోజే నీకు చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే నేను ఇంటికి రావాలి, వస్తే ఈ చోటు ఇంకొకరికి పోతుంది. చెవిలో పడింది చెవిలోనే ఉండాలన్న మాస్టారి మాటను అడ్డం పెట్టుకున్నాను. ఊరివాళ్ళ అమ్మకోసం అంతమందిలో గొంతు చించుకుని అరిచాను గానీ నా అమ్మ దగ్గర నోరు విప్పలేదు. నాకు సిగ్గుగా ఉంది. నీమీద కోపంగా కూడా ఉంది, అది వేరే సంగతి.

తమ్ముడికి విడిగా రాశాను. ఈ ఉత్తరం అందిన మర్నాడే నిన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాడు. దూది ఏకే పని వాడు ముక్కుకు గుడ్డ కట్టుకుని చేస్తాడు, నువ్వు కుట్టుపని చూసుకో. వాడిమీద అరవకు, అరవడానికి ఊపిరి ఉండాలి. నువ్వు వెళ్ళలేదని తెలిస్తే పెట్టె సర్దుకుని నేనే వస్తాను. మాస్టారితో చెప్పేశాను కూడా. చోటు ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.

ఈ ఉత్తరానికి జవాబు రాయకు. ఇది అందిందని తమ్ముడు చెప్పిన సాయంత్రమే నేను ఫోను చేస్తాను. మిషను ఆపించు, ఫ్యాను ఆపించు, తమ్ముణ్ణి కదలకుండా కూర్చోమను. బాగున్నానని మాత్రం చెప్పకు. అసలేమీ మాట్లాడకు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఒక్క నిమిషం ఊపిరి పీల్చి వదులు. నేను వింటూ ఉంటాను.

ఇట్లు,
పక్క గదిలో గుసగుసలు కూడా వినేస్తానని నువ్వు 'చెవులపిల్లి' అని పిలిచే
నీ పెద్దకూతురు