గొంతులో పడిన ఎండ

వియన్నా, మార్చి 1862

నాన్నగారికి, మీ బుర్గి ముద్దులు.

నా గొంతు బొంగురుపోయిందని మీకు ఇన్నాళ్ళూ రాయలేదు. జలుబే అనుకున్నాను. తగ్గకపోయేసరికి, ఎండ కాసే రోజు చూసుకుని డాక్టర్ హాస్లింగర్ గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన నా నాలుకను గుడ్డతో పట్టుకుని, పొడుగాటి పిడి ఉన్న చిన్న అద్దాన్ని దీపం మీద వెచ్చజేసి నోట్లో పెట్టి, కిటికీలోంచి వచ్చే ఎండను దాని మీదికి మళ్ళించారు. నా చేతికి మరో అద్దం ఇచ్చారు. నాన్నా, నా గొంతు నేనే చూసుకున్నాను! లోపల రెండు తెల్లని పట్టీలున్నాయి. కింది స్వరం పాడినా అవే దగ్గరికి చేరుతున్నాయి, పై స్వరం పాడినా అవే. కింది స్వరం ఛాతీలో, పై స్వరం తలలో పుడుతుందని కదా మీరు మన స్టైర్ చర్చిలో పిల్లలందరికీ నేర్పుతారు. ఆ రెండు చోట్లా ఏమీ పుట్టడం లేదు.

పట్టీల అంచున చెరో ఆవగింజంత వాపు ఉంది. "ఛాతీ బిగబట్టి స్వరాన్ని ఇలా తొయ్యమని నీకెవరమ్మా నేర్పింది?" అన్నారాయన. మీ పేరు చెప్పడానికి నోరు రాలేదు. ఇక్కడ నాకు పాట చెప్పే పంతులుగారి మీద పెట్టేశాను.

రెండు నెలలు నోరు మెదపకూడదట. మళ్ళీ అలాగే తోస్తే పాట పోయినట్టేనట. నా సంగతి సరే. చెల్లి రెజీ రోజూ మీ ముందు నిలబడి తోస్తూనే ఉంటుంది కదా. నా మీద ఎంత కోపమొచ్చినా సరే, దాన్ని ఆపండి. మీ మనసు నొచ్చుకుంటుందని తెలిసే రాస్తున్నాను. ఏడుపొస్తోంది.

మీ
బుర్గి

*

స్టైర్, ఏప్రిల్

చిట్టితల్లీ బుర్గీ,

నీ ఉత్తరం చదివి ఆ పూట సూపు ముట్టలేదు. "నిన్నగాక మొన్న అద్దం పట్టినవాడు నాకు పాట చెబుతాడా?" అని మీ అమ్మ మీద ఎగిరాను. తన చేత నా ఛాతీ మీద చెయ్యి పెట్టించి పాడాను. "ఇదుగో, అదురుతోందా లేదా?"

"అదురుతోంది. చర్చి గంట మోగితే మన కిటికీ కూడా అదురుతుంది. అంతమాత్రాన గంట కిటికీలో ఉందా?" అంది మీ అమ్మ.

వెంటనే టోపీ తీసుకుని మన ఊరి డాక్టరు దగ్గరికి నడిచాను. ఆయనా అలాంటి అద్దం తెప్పించుకున్నాడు. నాలుక పట్టుకోగానే వాంతి చేసుకుని ఆయన కోటు పాడుచేశాను. ఎండ పోయేలోగా మొత్తానికి చూశాను. నాకూ ఉన్నాయమ్మా ఆ గింజలు. చర్చి చలి వల్ల అనుకున్న నా బొంగురుకు కారణం అవే. ఎంతమంది పిల్లల చేత తోయించానోనని తలుచుకుంటే సిగ్గేస్తోంది.

అక్కడి హాస్లింగర్ గారికి కాగితం మీద నా పేరే రాసివ్వు. మీ పంతులుగారిని ఉత్తపుణ్యానికి ఇరికించకు.

ఇవాళ రెజీ పాఠానికొచ్చి అలవాటుగా ఊపిరి బిగబట్టింది. "వద్దు తల్లీ, మెల్లగా పాడు" అన్నాను. అది పాట ఆపేసి, దగ్గరికొచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"జ్వరమొచ్చిందా నాన్నా?"

నీ నాన్న
ఎగీడ్