ఐలవ్వ మడుగు

గోదావరిఖని, 4-9-2006

అవ్వకు నమస్కారం. ఇక్కడ అందరం క్షేమం.

నాన్న పోయి ఏడాదైనందున, ఆయన చేపల వలను స్నేహితుడు ఓదెలు కాకకు ఇచ్చాను. "ఐలవ్వ కాడ ఏసి సూస్త," అన్నాడు. నీ పేరు విని ఆరా తీశాను.

"గోదారిల ఆ మడుగుకు మీ నాయిన పెట్టిన పేరే, బిడ్డా. 'మా ఐలవ్వ లెక్కనే, పైకి సల్లగ, లోపట సుడి' అనేటోడు."

నాన్న డ్యూటీ దిగి ఐలవ్వ దగ్గరికి పోతున్నానని చెబితే, బొగ్గుబావి వాళ్ళు ఇంటికే అనుకొనేవారట. ఇంట్లో నీవేమో "గోదారినే లగ్గం చేసుకుంటివా" అని అలిగేదానివి.

తెలుసుకోవలసినవి రెండు. ఒకటి, ఈ పేరు సంగతి ఆయన నీకెప్పుడైనా చెప్పారా? రెండు, నీ మోకాళ్ళు ఇసుకలో అర మైలు నడవనిస్తాయా? జవాబు చెల్లెతో రాయించు. దానికి, పిల్లలకు ఆశీస్సులు. పెద్దలకు బియ్యమిచ్చే పెత్రమాసకు నీవిక్కడికి వచ్చినప్పుడు నిన్ను నీ మడుగు దగ్గరికి తీసుకుపోతాను.

నీ కొడుకు
కొమురయ్య