చుక్కమేక తొలి ఈత

స్వాతీ తల్లీ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున ఇక్కడ అమెరికాలో, చాండ్లర్‌లో మీ పెరట్లోనే నీ చుక్కమేక ఈనింది. తొలిచూలు కదా, పిల్లను నాకకుండా దూరంగా పోయి నిలబడింది. తడి ఆరక పిల్ల వణికిపోతోంది. అల్లుడు నీ మేకల పుస్తకం తిరగేస్తూ, "అత్తయ్యా, వెట్‌కి కాల్ చేస్తాను, మీరు టచ్ చేయకండి" అన్నాడు.

"నువ్వు చదువుతూ ఉండు బాబూ" అని వంటింట్లోంచి ఉప్పు తెచ్చి పిల్ల వీపు మీద చల్లాను. చుక్క వచ్చి వాసన చూసి నాకడం మొదలుపెట్టింది. కాసేపటికి పిల్ల లేచి పాలు తాగింది.

నువ్వున్నప్పుడు ఒకసారి ఫోన్లో నేను ఈ ఉప్పు సంగతి చెబితే, "బుక్‌లో అలా లేదే అమ్మా" అని నవ్వావు. ఇవాళ అల్లుడు ఆ పుస్తకంలో ఈత గురించిన పేజీ తీసి, అంచున నీ పెన్సిల్ రాత చదివి వినిపించాడు: "నాకకపోతే ఉప్పు చల్లాలి. అమ్మ చెప్పింది."

ఇంక బుక్‌లో లేదనకు. నువ్వే రాశావుగా.

అమ్మ