సుద్దగీత దాటితే సిగ్నల్ లేదు

3, సోమవారం. ఉదయం 6:10
ఈ రోజు నుంచి నేను కొత్త మనిషిని! పాత రౌటర్ పని అయిపోయింది. ఆరేళ్లుగా దుమ్ము పడకుండా ఇనప్పెట్టెలో పెట్టి, మూతేసి, ప్రాణంలా చూసుకున్నాను. అయినా మోసం చేసింది. నిన్న మా ఆవిడ వీడియోలో లెక్కలు చెబుతూ నోరు తెరిచిన చోటే ఆగిపోయింది. పిల్లలు ఫొటోలు తీసుకున్నారట.

వచ్చే సోమవారం పదింటికి ఆవిడ ఒక పెద్ద స్కూలువాళ్లకి డెమో క్లాసు చెప్పాలి. నచ్చితేనే ఉద్యోగం.

శపథం: ఆదివారంలోగా మంచి రౌటర్ నేనే ఎంచి తెస్తాను. ఎవర్నీ అడగను. పందొమ్మిదేళ్లుగా తూనికల ఆఫీసులో కాటాలు పరీక్షిస్తున్నాను, ఒక డబ్బా ఎంచలేనా!

4, మంగళవారం
పట్టిక గీశాను. ముప్పై నాలుగు గడులు! వేగం, దూరం, యాంటెన్నాలు, దీపాల రంగు...
ఒకాయన ఐదు నక్షత్రాలిచ్చి రాశాడు: "ప్యాకింగ్ అద్భుతం. ఇంకా విప్పలేదు."
ముప్పై ఐదో గడి: ప్యాకింగ్.
మా ఆవిడ: "మూలమీద షాపులో అడిగితే పోయేదానికి ఇదంతా ఏంటండీ?"
అడగనన్నానుగా!

5, బుధవారం. సాయంత్రం 5:30
ఇల్లు కొలవకుండా రౌటర్ ఎలా ఎంచుతాం? ఫోను పట్టుకుని తిరిగి, సిగ్నల్ వచ్చిన చోటల్లా సుద్దముక్కతో సున్నా చుట్టాను. ఒకటి చెప్పుల స్టాండు పక్కన. రెండు బీరువా మీద. మూడు బాత్రూములో. నాలుగు అత్తయ్య మంచం కింద.

7, శుక్రవారం
నిన్న రాయలేదు. తప్పు నాది కాదు. అత్తయ్య మంచం జరిపారు.
"కొలతలన్నీ పోయాయి కదా అత్తయ్యా!"
"నాలుగో సున్నాలో కూర్చుంటేగానీ ఫోనులో మా చెల్లెలు కనబడదు అల్లుడుగారూ. మంచం కింద దూరే వయసా నాది?"
మళ్లీ మొదటినుంచి.

8, శనివారం
రెండు రౌటర్లు మిగిలాయి. మార్కులు సమానం! దశాంశాలతో సహా!
షాపుకి కాటా పట్టుకెళ్లాను. అడగలేదు, తూచాను, అంతే. తేడా రెండు గ్రాములు. బరువైనది మంచిదా, తేలికైనదా? షాపాయన ఏదో చెప్పబోయాడు. చెవులు మూసుకున్నాను.

9, ఆదివారం
షాపుకి సెలవు. ఇది ఏ గడిలోనూ లేదు.
మా ఆవిడ రేపటి క్లాసుకి చీర ఇస్త్రీ చేసుకుంటోంది. చూస్తుంటే భయంగా ఉంది.

10, సోమవారం
9:40. మూడో సున్నాలో తప్ప ఎక్కడా సిగ్నల్ లేదు. "బాత్రూములో కూర్చుని ఉద్యోగం అడగమంటారా?" అంది. కళ్లలో నీళ్లు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. సిగ్గేసింది నాకు.
10:25. షాపులో ఉంది! పదకొండు రౌటర్లు వెలుగుతుంటే వాటి ముందు కూర్చుని త్రిభుజాలు చెబుతోంది. ఒక్కసారి కూడా ఆగలేదు. షాపాయన కొనడానికొచ్చిన వాళ్లని "ష్" అంటున్నాడు.
11:15. ఉద్యోగం వచ్చింది!!

14, శుక్రవారం
ఆవిడ క్లాసులన్నీ ఇప్పుడు షాపులోంచే. షాపాయన బల్ల వేయించాడు. అత్తయ్య కూడా చెల్లెలితో మాట్లాడటానికి పొద్దున్నే అక్కడికే. ఇంట్లో నేనూ, నాలుగు సున్నాలూ. ఏం బాగోలేదు.
మధ్యాహ్నం వెళ్లి అడిగాను. అవును, అడిగాను. "ఏ రౌటర్ తెస్తే ఇంటికొస్తావు?"
ఆవిడ తలెత్తకుండా, "ముందు ఉన్నదాన్ని ఆ ఇనప్పెట్టెలోంచి బయటికి తీయండి" అంది.
తీశాను. ఇంటినిండా సిగ్నల్! మూడుసార్లు కొలిచాను.

15, శనివారం. ఉదయం 6:10
ఆవిడా, అత్తయ్యా ఇద్దరూ ఇంట్లోనే. మా ఆవిడ వంటింట్లోంచి క్లాసు చెబుతోంది. ప్రాణం లేచొచ్చింది.
కానీ రౌటర్ మీద దుమ్ము! ఒక్క పూటకే!
శపథం: ఆదివారంలోగా దీనికో మంచి పెట్టె నేనే ఎంచి తెస్తాను. ఎవర్నీ అడగను. పట్టిక గీశాను. మొదటి గడి: ఇనుము ఎంత మందం?